ఫ్రెండ్స్‌తో అంగ్‌కోర్ వాట్: అలకలు లేకుండా, గుళ్లు తనివితీరా చూసి రావడం ఎలా

కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ చూసొచ్చిన వాళ్లని ఎలా ఉందని అడిగితే చాలామంది చెప్పేది, "సూపర్ గానీ, చివరికి అన్ని గుళ్లూ ఒకేలా అనిపించాయి రా" అని. అది గుళ్ల తప్పు కాదు. పొద్దున నాలుగింటికి లేచి, సాయంత్రం దాకా ఎండలో ఏడెనిమిది గుళ్లు చుట్టేస్తే ఎవరి కళ్లకైనా రాళ్లే మిగులుతాయి. కాబట్టి అసలు సూత్రం ముందే చెప్పేస్తాను: రోజుకి రెండు గుళ్లు, మహా అయితే మూడు. వీసా నుంచి టుక్‌టుక్ దాకా మిగతా ప్లానంతా ఈ లెక్క చుట్టూనే వేసుకోవాలి. గ్రూపులో "ఇంత ఖర్చు పెట్టి వచ్చి రెండే చూస్తామా" అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడితో ఈ గొడవ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగానే తేల్చుకోండి, అక్కడికి వెళ్లాక కాదు.

1. ముందు మనుషుల్ని తేల్చండి

నలుగురైతే హాయి. ఆరుగురిదాకా నడుస్తుంది. ఎనిమిది మంది దాటితే అది ట్రిప్ కాదు, పెళ్లివారి బస్సు. ఎక్కడికెళ్లినా ఒకరి కోసం మిగతావాళ్లు రోడ్డు మీద నిలబడి ఉండాల్సిందే.

వాట్సాప్ గ్రూపులో "నేను పక్కా" అన్నవాళ్లని లెక్కలోకి తీసుకోకండి, డబ్బు కట్టినవాళ్లే లెక్క. ఒక తేదీ పెట్టి, ఆ తేదీలోపు విమానం టికెట్ డబ్బులు వేసినవాళ్లకే బుక్ చేయండి. మానేస్తే ఆ డబ్బు తిరిగి రాదని ముందే అందరి ముందూ చెప్పండి. స్నేహంలో ఇదేం కఠినం అనిపిస్తుంది గానీ, ఆఖరి వారంలో ఇద్దరు తప్పుకుంటే మిగిలినవాళ్ల మీద పడే హోటల్ బిల్లు ఇంకా కఠినంగా ఉంటుంది.

పనులు పంచండి. టికెట్లు, వీసాలు ఒకరికి, డబ్బు లెక్క ఇంకొకరికి, అక్కడ బండివాడితో మాట్లాడటం మరొకరికి. అన్నీ ఒక్కడి నెత్తిన వేస్తే వాడు మూడోరోజుకల్లా టూర్ మేనేజర్‌లా చిరాకు పడుతుంటాడు, మిగతావాళ్లు కస్టమర్లలా కంప్లైంట్లు చేస్తుంటారు.

2. ఎప్పుడు వెళ్లాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలుండవు, ఎండ ఓర్చుకునేలా ఉంటుంది. సంక్రాంతి సెలవులకి ఇంకో నాలుగు రోజులు కలుపుకుంటే సరిగ్గా సరిపోతుంది, కాకపోతే రేట్లు, జనం రెండూ ఎక్కువే. మన వేసవి సెలవుల్లో మాత్రం వెళ్లకండి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడి ఎండ మన రామగుండానికి తీసిపోదు, దానికి తోడు ఉక్క. పైగా ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం వస్తుంది, ఊళ్లకి ఊళ్లు గుళ్ల దగ్గరే ఉంటాయి.

దసరా సెలవులే దొరుకుతాయంటే వెళ్లొచ్చు. మధ్యాహ్నాలు వాన పడుతుంది, కందకాలు నిండుగా ఉంటాయి, అడవి పచ్చగా ఉంటుంది, జనం తక్కువ. కాకపోతే దాదాపు మన మహాలయ పక్షాల రోజుల్లోనే వాళ్లకీ పెద్దల పండగ ఉంటుంది, పేరు ప్చుమ్ బెన్. ఆ రెండు మూడు రోజులు షాపులు చాలావరకు మూసేసి ఉంటాయి, చూసుకోండి.

3. విమానం, వీసా

దిగాల్సిన ఊరు సియెమ్ రీప్. హైదరాబాద్ నుంచైతే బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్‌లలో ఏదో ఒకచోట మారి వెళ్లడం తేలిక. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా బుక్ చేయండి. నాలుగు వేలు తగ్గుతుందని విడివిడిగా కొంటే మధ్యలో ఆ దేశంలోకి ఇమిగ్రేషన్ దాటి, లగేజీ తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. మొదటిది లేటైతే రెండోది పోయినట్టే, ఎవరూ పూచీ పడరు.

బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్లొచ్చని పాత వీడియోల్లో చెప్తారు. 2025లో థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య సరిహద్దులో కాల్పులు జరిగి ఆ దారులు మూతపడ్డాయి, కాబట్టి ఆ వీడియోల్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. బయలుదేరే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు కూడా ఒకసారి చూడండి. సరిహద్దు కొండ మీదున్న ప్రీయా విహియర్ గుడి ఎంత ఊరించినా ఈసారికి వదిలేయండి.

పాస్‌పోర్టుకి ఇంకా 6 నెలల గడువుండాలి. టూరిస్టు వీసా ఫీజు 30 డాలర్లు, ఆన్‌లైన్‌లోనూ ఇస్తారు, దిగాక ఎయిర్‌పోర్టులోనూ ఇస్తారు. గ్రూపుగా వెళ్తున్నప్పుడు ఆన్‌లైనే మేలు, లేకపోతే ఒకడి ఫారం తప్పయినా ఆరుగురూ వాడి కోసం ఆగాలి. గూగుల్‌లో వెతికితే మొదట కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు, ప్రభుత్వానిదిలాగే ఉండి ఎక్కువ వసూలు చేస్తాయి. కంబోడియా ప్రభుత్వ సైటు అడ్రసు "డాట్ గవ్ డాట్ కేహెచ్" అని ముగుస్తుంది, అది చూసుకుని నొక్కండి. వీసా కాకుండా ఈ-అరైవల్ అని ఇంకో ఫారం ఉంది. దిగడానికి ముందు వారంలో నింపాలి, దానికి డబ్బులేమీ లేవు. ఎవరైనా అడిగితే మీరు తప్పు సైట్లో ఉన్నట్టే.

కొత్త ఎయిర్‌పోర్టు 2023లో మొదలైంది, ఊరికి 40 కిలోమీటర్ల పైనే. పాత బ్లాగుల్లో "ఎయిర్‌పోర్టు నుంచి పదిహేను నిమిషాలు" అని ఉంటే పట్టించుకోకండి, గంట పడుతుంది. ఐదారుగురు ఉంటే హోటల్‌వాళ్లతోనే ఒక వ్యాన్ మాట్లాడించుకోండి.

4. డబ్బు

అక్కడ డాలర్లు మామూలుగా చెల్లుతాయి. వాళ్ల కరెన్సీ రియెల్, డాలరుకి దాదాపు 4000 వస్తాయి. మీరు 5 డాలర్లిస్తే చిల్లర రియెల్‌లో వస్తుంది, లెక్క మొదటిరోజు తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. ఇక్కడ డాలర్లు కొనేటప్పుడే నోట్లు ఒక్కొక్కటీ వెలుతురులో చూసి తీసుకోండి. అంచు కొంచెం చిరిగినా, పెన్ను గీత ఉన్నా అక్కడ తీసుకోరు. మన దగ్గర పది రూపాయల నోటు ముక్కలై ఉన్నా టేపేసి నడిపించేస్తాం, అక్కడ ఆ పప్పులు ఉడకవు. 100 డాలర్ల నోట్లు తక్కువ, 5, 10, 20 నోట్లు ఎక్కువ అడగండి.

ఉమ్మడి పర్సు ఒకటి పెట్టండి. అందరూ సమానంగా వేసిన డబ్బులోంచి బండి, నీళ్లు, టిఫిన్, టిప్పులు పోతాయి. గుడి పాస్‌లు ఎవరివి వాళ్లు కొనుక్కోవాలి. మందు బిల్లు వేరు, ఇందులో మొహమాటం పడొద్దు. తాగనివాడు మూడు రాత్రులు పళ్లరసం తాగి వాటా కట్టి, పైకి నవ్వుతూ లోపల మండిపోతుంటాడు. నాన్-వెజ్, వెజ్ తేడా మాత్రం లెక్కలేయకండి, అంత చిల్లరగా ఉంటే స్నేహం ఎందుకు.

5. గుడి పాస్

ఈ గుళ్లన్నిటికీ కలిపి ఒకటే పాస్: ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజులది కొనండి, వేరే ఆలోచన వద్దు. వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. కౌంటర్‌లో మీ ఫొటో తీసి పాస్ మీద అచ్చు వేసి ఇస్తారు, కాబట్టి ఒకరిది ఇంకొకరు వాడటం కుదరదు. హోటల్ దగ్గర ఎవరైనా తక్కువకి ఇప్పిస్తానంటే దండం పెట్టి వచ్చేయండి.

ఒక చిట్కా. సాయంత్రం 5 దాటాక కొంటే లెక్క మరుసటి రోజు నుంచి మొదలవుతుంది, ఆ సాయంత్రం సూర్యాస్తమయం అదనంగా వచ్చినట్టు. కౌంటర్ అయిదున్నరకే మూసేస్తారు, మీరు 5 గంటలకి వరసలో ఉండాలి. అందరూ ఫ్నోమ్ బాఖెంగ్ కొండెక్కుతారు, పైన మనుషుల సంఖ్యకి పరిమితి ఉంది, క్యూలో ఉండగానే సూర్యుడు దిగిపోతాడు. మీరు ప్రె రూప్‌కి పోనివ్వమనండి. 10వ శతాబ్దపు గుడి, ఇటుక గోపురాలు, ఆ వెలుతురులో ఎర్రగా కాలుతున్నట్టుంటాయి. అదీ ఏడింటిదాకా తెరిచే ఉంటుంది.

బట్టలు: భుజాలు, మోకాళ్లు కప్పాలి. పైన శాలువా కప్పుకుంటే చాలదు, చేతులున్న చొక్కానే వేసుకోండి.

6. బండి

ఆరుగురికి ఒక వ్యాన్ కంటే రెండు టుక్‌టుక్‌లు మేలని నా అభిప్రాయం. ఏసీ ఉండదు, దుమ్ము పడుతుంది, నిజమే. కానీ పదకొండింటికి ఇద్దరికి ఓపిక అయిపోతే ఒక బండి హోటల్‌కి వెళ్లిపోతుంది, రెండోది మిగతావాళ్లతో ఉంటుంది. గ్రూపు ట్రిప్పుల్లో సగం గొడవలు ఈ ఒక్క ఏర్పాటుతో పోతాయి. రోజు మొత్తానికి రేటు ముందే మాట్లాడుకోండి, తెల్లవారుజాము నుంచైతే కొంచెం ఎక్కువ అడుగుతారు, అది న్యాయమే. చాలామంది డ్రైవర్లు ఐస్‌పెట్టెలో నీళ్ల సీసాలు పెట్టుకుంటారు, ఎండలోంచి వచ్చి ఆ చల్లటి సీసా మెడ మీద పెట్టుకుంటే వచ్చే హాయి వేరు.

దిగగానే మీ బండిని, దాని నంబర్‌ని ఫొటో తీసుకోండి. పార్కింగ్‌లో వంద టుక్‌టుక్‌లు ఒకేలా ఉంటాయి. కొన్ని గుళ్లకి ఒక ద్వారంలో వెళ్లి ఇంకో ద్వారంలో బయటపడటం అలవాటు, డ్రైవర్ ఏ వైపు ఉంటాడో ముందే అడగండి.

7. అంగ్‌కోర్ వాట్ ఎలా చూడాలి

దీనికి పూట మొత్తం ఇవ్వండి. గేట్లు 5 గంటలకి తీస్తారు. గుడి పడమర ముఖం, అంటే సూర్యుడు గుడి వెనక నుంచి లేస్తాడు. ముందున్న రెండు కొలనుల్లో ఎడమవైపు దాని ఒడ్డున జనం ఫోన్లెత్తి నిలబడతారు, మీరూ నిలబడండి, తప్పేం లేదు. లేవలేనని మొండికేసిన ఫ్రెండ్‌ని మాత్రం బలవంతాన లాక్కురావద్దు. మబ్బు పట్టి ఏమీ కనబడకపోతే ఆ రోజంతా వాడి దెప్పిపొడుపులు భరించాలి.

సూర్యుడు పైకి రాగానే సగం జనం టిఫిన్లకి పోతారు. మీరు అప్పుడే లోపలికి నడవండి. పడమటి ప్రవేశద్వారంలోనే ఎనిమిది చేతుల విష్ణువు నిలువెత్తు విగ్రహం ఉంటుంది, స్థానికులు దాన్ని తా రీచ్ అంటారు, ఇప్పటికీ అగరొత్తులు వెలిగించి మొక్కుతారు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించినప్పుడు ఇది విష్ణువు గుడి, తర్వాత బౌద్ధుల గుడి అయింది.

అసలు సంగతి మొదటి ప్రాకారం వరండా గోడల మీద ఉంది. ఇక్కడే తెలుగువాళ్లకి ఒక లాభం. మిగతా టూరిస్టులు గైడ్ చెప్తే వినాల్సిన కథలన్నీ మనకి చిన్నప్పటి నుంచీ తెలిసినవే. మెట్లెక్కగానే కుడికి తిరగండి: కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు నడిచొస్తుంటారు, మొదట వరసలు వరసలుగా, మధ్యకి వచ్చేసరికి మనుషుల మీద మనుషులు, ఏనుగులు, విరిగిన రథాలు. ఎడమవైపు భాగంలో కొంచెం పైకి చూస్తే అంపశయ్య మీద భీష్ముడు. పేరు రాసిన బోర్డు అక్కర్లేదు, ఒంటినిండా బాణాలు చూడగానే గుర్తుపడతారు. అర్జునుడి రథం మీద కృష్ణుడికి నాలుగు చేతులుంటాయి, వెతకండి. కొన్నిచోట్ల రాయి నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, అంతమంది చేతులు తడిమిన గుర్తు. మీరు తడమకండి.

అక్కడి నుంచి దక్షిణం, తూర్పు, ఉత్తరం, ఇలా తిరగాలి. అంటే అప్రదక్షిణంగా. గుడి చుట్టూ అలా తిరగడం మనకి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది గానీ ఇక్కడి బొమ్మల వరసే అది. ఇది రాజు సమాధికి సంబంధించిన గుడి అని కొందరు పండితులు చెప్పడానికి ఇదీ ఒక కారణం. దక్షిణం వైపు సూర్యవర్మ సైన్యం, ఆ తర్వాత యముడి కొలువు. పద్దెనిమిది చేతుల యముడు దున్న మీద ఉంటాడు, కింద నరకాల్లో శిక్షలు. మీ గ్రూపులో ఎవడికి ఏ శిక్ష పడుతుందో తేల్చుకోవడానికి అరగంట సులువుగా పడుతుంది.

తూర్పున క్షీరసాగర మథనం, 49 మీటర్ల గోడ ఒకే బొమ్మ. ఒకవైపు 92 మంది అసురులు, ఇంకోవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు, నడుమ విష్ణువు, అడుగున కూర్మం, నీళ్లలో చేపలు, మొసళ్లు. కవ్వం దగ్గరికొచ్చేసరికి ఆ చేపలు ముక్కలై ఉంటాయి, చిలికే వడికి తెగిపోయినట్టు. చాలామంది నడుస్తూ వీడియో తీసుకుంటూ వెళ్లిపోతారు, ఆ తెగిన చేప కనబడాలంటే మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. పడమటికి తిరిగొచ్చాక చివర్లో లంకా యుద్ధం, హనుమంతుడి భుజాలెక్కి బాణం వేస్తున్న రాముడు.

పైన మూడో అంతస్తుకి మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే కూర్చోవచ్చు. 12 ఏళ్లలోపు పిల్లల్ని, గర్భిణులను పైకి పంపరు. ఇంకో సంగతి, బౌద్ధుల పవిత్ర దినాల్లో పై అంతస్తు మూసేస్తారు. అవి పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు, కాబట్టి వంటింట్లో వేలాడే క్యాలెండర్ చూసి మీ తేదీ వేసుకోవచ్చు, ఒక రోజు అటూ ఇటూ ఉంచుకోండి.

పదకొండు కాగానే హోటల్‌కి. మూడింటిదాకా నిద్రో, ఈతకొలనో. ఈ విరామాన్ని ఎవరు ఎంత బతిమాలినా వదులుకోవద్దు.

8. మిగతా రెండు రోజులు

రెండోరోజు పొద్దున్నే బయోన్, 7:30కి తెరుస్తారు, తెరిచేసరికి అక్కడుండాలి. ఏడో జయవర్మ కట్టించాడు, గోపురాల నిండా చిరునవ్వు ముఖాలు. దారిలో అంగ్‌కోర్ థామ్ అనే పాత రాజధాని దక్షిణ ద్వారం దగ్గర బండి ఆపించండి, వంతెనకి ఒకపక్క 54 మంది దేవతలు, ఒకపక్క 54 మంది అసురులు నాగుని పట్టుకుని ఉంటారు. ఇక్కడ మాత్రం లైసెన్సున్న గైడ్‌ని పెట్టుకోండి. బయోన్ బయటి వరండా గోడల మీదున్నవి పురాణాలు కావు, పక్క రాజ్యపు చామ్‌లతో యుద్ధాలు, సంత, వంట, మామూలు జనం, అవి మనకి తెలియని కథలు. దక్షిణం గోడ మీద కోడిపందెం ఉంది. మీతో గోదావరి జిల్లావాడు ఉంటే అక్కడి నుంచి కదలడు, వదిలేయండి.

ఆ సాయంత్రం తా ప్రోమ్, వేళ్లు గోడల్ని పట్టుకుని పెరిగిన చెట్ల గుడి. 1186 నాటి శాసనంలో ఈ గుడికి 615 మంది నాట్యకత్తెలు ఉన్నారని రాసుంది. దీన్ని బాగు చేస్తున్నది మన భారత పురావస్తు శాఖవాళ్లే, బోర్డు మీద మన జెండా కనిపిస్తుంది. నాలుగు దాటాక వెళ్తే టూరు బస్సులు పల్చబడతాయి.

మూడోరోజు బాంతే స్రేయి. ఊరికి 35 కిలోమీటర్ల దూరం, దీనికి మాత్రం టుక్‌టుక్‌లు వద్దు, వ్యాన్ తీసుకోండి. 967లో ప్రతిష్ఠ జరిగిన శివాలయం. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే రాజగురువు. చిన్న గుడి, మనిషి ఎత్తు కూడా లేని తలుపులు, గులాబీ రంగు రాయి, దాని మీద పనితనం చూస్తే చెక్కారా, చందనంలో పోతపోశారా అనిపిస్తుంది. కైలాసాన్ని ఎత్తుతున్న రావణుడు, భయంతో శివుడి ఒడిలోకి ఒరిగిన పార్వతి, పారిపోతున్న జంతువులు, అంతా ఒక తలుపు పైకప్పంత చోటులో. నన్నడిగితే అన్నిట్లోకీ ఇదే మేటి, అంగ్‌కోర్ వాట్ కంటే కూడా.

గుళ్లు ఇక చాలనేవాళ్లకి ఊళ్లో అపోపో సంస్థ కేంద్రం ఉంది, పాతిపెట్టిన మందుపాతరల్ని వాసన చూసి పట్టే ఎలుకల్ని చూపిస్తారు. ఈ మందుపాతరల కారణంగానే మారుమూల గుళ్ల దగ్గర కాలిబాట వదిలి పొదల్లోకి వెళ్లకండి, అర్జెంటైనా సరే.

9. తిండి

మాంసం తినేవాళ్లకి ఏ లోటూ లేదు. కొబ్బరిపాలతో ఆకులో వండే చేప అమోక్, మిరియాలు నిమ్మరసంతో తినే వేపుడు మాంసం లోక్ లాక్, పొద్దున్నే నూడుల్స్ పులుసు. వెజ్ వాళ్లే జాగ్రత్త పడాలి. వాళ్ల వంటలో చేపల సాస్, ప్రహోక్ అనే నిల్వ చేపల ముద్ద చాలావాటిలో పడతాయి, "మాంసం లేదు" అంటే చేప కూడా లేదని అర్థం కాదు. ఫోన్‌లో వాళ్ల భాష ఖ్మేర్‌లోకి తర్జుమా చేసి విడిగా అడగండి. ఊళ్లో పబ్ స్ట్రీట్ చుట్టుపక్కల ఇండియన్ హోటళ్లున్నాయి. అయినా కందిపొడి, పచ్చడి ప్యాకెట్ ఒకటి సంచిలో ఉంటే మంచిది, అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. కుళాయి నీళ్లు తాగొద్దు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమల క్రీము ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి.

గుళ్ల దగ్గర చిన్నపిల్లలు "వన్ డాలర్" అంటూ పోస్టుకార్డులు అమ్ముతారు. మనసు కరిగినా కొనకండి, అమ్మకం జరిగినంతకాలం వాళ్లు బడికి పోరు. పెద్దవాళ్ల దగ్గర కొనండి.

10. తిరిగొచ్చేముందు

పాత రాతి ముక్కలు, పురాతన బొమ్మలు అని ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోవద్దు. నకిలీ అయితే డబ్బు దండగ, నిజమైతే జైలు. రియెల్ నోట్లు కంబోడియా దాటితే మార్చేవాళ్లుండరు, ఆఖరి రోజు టిఫిన్‌కి, టుక్‌టుక్ డ్రైవర్ల టిప్పుకి వాడేయండి. ఉమ్మడి పర్సు లెక్క ఎయిర్‌పోర్టులో బోర్డింగ్‌కి ముందే కూర్చుని తేల్చండి, ఎవరు ఎవరికి ఎంతివ్వాలో గ్రూపులో రాసేయండి, మన దగ్గర దిగి ఫోన్లు ఆన్ చేయగానే పంపించేయమనండి. ఇంటికెళ్లాక చూసుకుందాం అంటే ఆ లెక్క వచ్చే సంక్రాంతికి కూడా తేలదు.